మా అమ్మ ఎత్తిన చేతిని లెక్కలోంచి తీసివేయు విషయం

కిచెనర్, ఒంటారియో
మార్చి 31, 2022

శ్రీయుత సుబ్బరాజు గారికి,
అధ్యక్షులు, కిచెనర్ తెలుగు కూడలి.

అయ్యా,

విషయం: కూడలి సర్వసభ్య సమావేశంలో మాస్కుల తొలగింపుపై 'ఏకగ్రీవంగా' జరిగిన తీర్మానం నుండి నా తల్లి శ్రీమతి సరోజ గారు ఎత్తిన కుడిచేతిని మినహాయించి, సభ్యుల అభిప్రాయాన్ని రహస్య పద్ధతిలో మరల సేకరించవలసిందిగా కోరుట గురించి.

సూచిక: కూడలి వాట్సాప్ గ్రూపులో 'యువతరం – సంస్కారం' అను శీర్షికతో తమరు పెట్టిన సందేశం; తదుపరి రాతపూర్వక క్షమాపణ కోరుతూ నాకు విడిగా పంపిన సందేశం.

పై సూచికలో తమరు కోరినది క్షమాపణ. నేను సమర్పించుకుంటున్నది అర్జీ. ఇది తెలుగులోనూ, ఈ రూపంలోనూ ఉండటానికి కారణం తమరే. "నోటి మాట నీటి మీద రాత. ఏదున్నా కాగితం మీద పెట్టండి, తెలుగులో పెట్టండి, విషయం సూచిక వేసి పెట్టండి" అని తమరు ప్రతి సమావేశంలోనూ సెలవిస్తుంటారు. నీటిపారుదల శాఖలో అక్కడ పదేళ్ళు చేసిన కొలువు, ఇక్కడ ముప్ఫై ఏళ్ళు చేసినదానికన్నా తమకు బాగా ఒంటబట్టిందని పెద్దలు అంటారు. కావున తమకు అలవాటైన పద్ధతిలోనే విన్నవించుకొనునది ఏమనగా:

1. అర్జీదారు గురించి. నేను సదరు సరోజ గారి ఏకైక కుమార్తెను. తొమ్మిదో తరగతి వరకు తెనాలిలోను, తదుపరి ఇచ్చటను చదివి, లండన్‌లో (పక్కనున్న మన ఒంటారియో లండన్‌లోనే, రాణిగారి లండన్ కాదు) సోషియాలజీ పట్టా పుచ్చుకున్నాను. వాంకూవర్‌లో ఒక ఉద్యోగము, మరల వాంకూవర్‌లోనే మరొక ఉద్యోగము చేసి, రెంటిలోనూ కుదురుకోక, అమ్మ ఆపరేషన్ నిమిత్తం తిరిగి వచ్చాను. దీనిని తమరు దీపావళి విందులో "కాలు కాలిన పిల్లి" అని పదిమందిలో వర్ణించి ఉన్నారు. కాదనను. ప్రస్తుతం ఇంట్లో కూర్చుని ఒక సర్వే కంపెనీ తరఫున దేశంలో ఎక్కడెక్కడి వారికో ఫోన్ చేసి అభిప్రాయాలు అడిగే పని చేస్తున్నాను. ఈ శీతాకాలమంతా అడిగిన ప్రశ్న ఒకటే. బహిరంగ స్థలాల్లో మాస్కులు కొనసాగించడాన్ని మీరు గట్టిగా సమర్థిస్తారా, కొంతవరకు సమర్థిస్తారా, కొంతవరకు వ్యతిరేకిస్తారా, గట్టిగా వ్యతిరేకిస్తారా? తిట్లకు గడి లేదు కాబట్టి తిట్టినవారిని 'గట్టిగా' కింద వేస్తాము.

2. సదరు సరోజ గారి ఆరోగ్యం గురించి. ఆమెకు కిడ్నీ మార్పిడి జరిగిన విషయం కూడలి యావత్తుకూ తెలుసు. ఎవరో ముఖం తెలియని మనిషి చనిపోతూ ఇచ్చిన కిడ్నీ అది. దానిని ఒళ్ళు పరాయిదని గుర్తుపట్టి తరిమేయకుండా ఉండటానికి ఆమె రోజూ మాత్రలు మింగుతుంది. ఆ మాత్రల పని ఒంట్లో కాపలావాళ్ళను నిద్రపుచ్చడం. కాపలా నిద్రపోయాక కిడ్నీ ఒక్కటే కాదు, జలుబు కూడా దర్జాగా లోపలికి వస్తుంది. మనకు పనిచేసినట్టుగా ఆమెకు టీకాలు పనిచేయవని డాక్టరు స్పష్టంగా చెప్పారు. మూసిన గదిలో, అందునా గొంతెత్తి పాడేవారి మధ్య, ఆమె ఒక్కతే మాస్కు పెట్టుకుంటే చాలదని, ఎదుటివారూ పెట్టుకోవాలని కూడా చెప్పారు. మన హాలు బేస్‌మెంటు అని, దానికి కిటికీలు లేవని తమకు నేను చెప్పనక్కరలేదు.

ఆమె ఆ బేస్‌మెంటుకు ఎందుకు రావాలి అని ఎవరైనా అడగవచ్చు. కూడలి మహిళా బృందగానం ఆమె పెట్టినది. శనివారం మధ్యాహ్నం ఆమె శ్రుతిపెట్టె ముందు కూర్చుంటే చుట్టూ గొంతులు చేరతాయి. అక్కౌంటెంటు గొంతు, డే కేర్ నడిపే ఆవిడ గొంతు, ఎవరికీ వినపడకుండా ఇరవై ఏళ్ళు ఇంట్లో దాచుకున్న గొంతు. ఆపరేషన్ అయి కళ్ళు తెరిచాక ఆమె నర్సును అడిగిన మొదటి ప్రశ్న ఎప్పుడు పాడవచ్చు అని. ఇంటికి ఎప్పుడు పంపుతారని కాదు. అందరూ మాస్కులు పెట్టుకుని పాడిన కాలంలో కూడా ఆమె ఒక్క శనివారం మానలేదు. గొంతులు గుడ్డ వెనకనుంచి వచ్చినా శ్రుతి తప్పితే పట్టుకునేది.

ఇప్పుడు మానింది.

3. సమావేశం గురించి. ప్రభుత్వం మాస్కుల నిబంధన ఎత్తివేస్తున్నట్టు ప్రకటించిన వారంలోనే తమరు సర్వసభ్య సమావేశం పిలిచారు. వంటలు అప్పటికే బల్లల మీద ఉన్నాయి. రేకు మూతల కింద నుంచి వంకాయ వాసన హాలంతా పరుచుకుంది. తమ అధ్యక్షతన ప్రతి తీర్మానమూ ఏకగ్రీవంగానే జరిగిందని, అది ఈ దేశంలో మరే తెలుగు సంఘానికీ లేని కీర్తి అని తమరు ఆ రోజు కూడా గుర్తుచేశారు. మన వైపు ఊళ్ళలో సర్పంచి ఏకగ్రీవమైతే ఊరికి గౌరవమనుకోవడం నాకు తెలుసు. పోటీ ఉన్నదంటే ఊళ్ళో కొట్లాట ఉన్నదని అర్థం. ఆ లెక్క తమరు గోదావరి జిల్లా నుంచి ఇంతదూరం భద్రంగా తెచ్చుకున్నారు.

తదుపరి తమరు అన్న మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇవి:

"ఇక మాస్కుల సంగతండి. గవర్నమెంటే ఎత్తేసింది. నిజానికి మనం ఇన్నాళ్ళూ ఉంచింది మన సరోజమ్మగారి కోసం. ఆవిడకి అభ్యంతరం లేకపోతే మనకేముంటదండి. ఏమంటారు సరోజమ్మగారూ?"

హాలులో ఉన్న తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. తమరు నవ్వుతున్నారు. అది చెడ్డ నవ్వు కాదని ఒప్పుకుంటున్నాను. ఆవిడను గౌరవించి, పేరు పెట్టి అడిగానని తమరు ఈ రోజుకీ అనుకుంటూ ఉండవచ్చు. కానీ అయ్యా, మా అమ్మను పదిమందిలో నిలబెట్టి, నీవల్ల మేమంతా ఇబ్బంది పడుతున్నాం, ఇంకా పడమంటావా అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? పెళ్ళిలో బంతిలో కూర్చున్నప్పుడు, వడ్డించేవాడు వేడి సాంబారు చేతిమీద ఒలికిస్తే, "పర్లేదు బాబూ, చల్లగానే ఉంది" అన్న మనిషి ఆమె. ఆ మచ్చ ఇంకా ఉంది.

ఆమె మాస్కు వెనక నుంచి ఏదో అన్నది. వెనక వరసల్లో ఎవరికీ వినపడలేదు. తమరు "చెయ్యెత్తండి చాలు" అన్నారు.

మా అమ్మ చెయ్యెత్తింది. అందరికన్నా ముందు.

ఆ తర్వాత చేతులు లేచిన తీరు నేను వెనక గోడకు ఆనుకుని చూశాను. నా వృత్తి అదే కాబట్టి చూడకుండా ఉండలేను. ముందు ఆమె పక్కవాళ్ళు ఎత్తారు. వాళ్ళను చూసి వాళ్ళ వెనకవాళ్ళు. కొందరు మోచెయ్యి వరకు ఎత్తి, పక్కకు చూసి, ఆపైన మిగతాది ఎత్తారు. నేను ఎత్తలేదు. తమరు లెక్కించలేదు. "ఏకగ్రీవం, భోజనాలకు లేవండి" అన్నారు. చప్పట్లు కొట్టారు. మాస్కులు అప్పటికప్పుడే తీశారు. ఎలాగూ తినాలి కదా.

మా అమ్మ కంచం పట్టుకోలేదు. డాక్టరు ఫోన్ చేస్తానన్నారని చెప్పి బయటికి వచ్చింది. శనివారం సాయంత్రం ఏ డాక్టరూ ఫోన్ చేయడు.

4. సభ్యుల అసలు అభిప్రాయాల గురించి. సమావేశం తరువాత మా ఇంటికి వచ్చిన ఫోన్లను తమ దృష్టికి తెస్తున్నాను. మొదట వాసంతి ఆంటీ. ఆవిడ బృందంలో పై స్థాయి పాడతారు.

"మాస్కులు ఉంచుదామనే అనుకుని వచ్చానే రాగిణీ. ఒట్టు. తీరా చూస్తే మీ అమ్మే చెయ్యెత్తింది. ఆవిడకే లేని నొప్పి నాకెందుకు, మధ్యలో నేను ఎత్తకపోతే ఆవిడ మాట కాదన్నట్టు ఉంటుంది కదా."

తరువాత టోనీ అంకుల్. మందుల షాపు కౌంటరు వెనక నిలబడి రెండేళ్ళుగా దగ్గులు లెక్కపెడుతున్న మనిషి. ఆ రోజు తన కారు డిక్కీలో మాస్కుల పెట్టె తెచ్చుకుని, హాలులో అందరికీ పంచుదామని వచ్చారు. "ఓటింగ్ అయిపోయాక తెచ్చి పంచితే అధ్యక్షులవారిని కాదన్నట్టు ఉండదా తల్లీ" అన్నారు. ఆ పెట్టె తరువాత మా గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి వెళ్ళిపోయారు.

ఇంకా కొందరున్నారు. పేర్లు రాయవద్దని బతిమాలారు కాబట్టి రాయడం లేదు. అందరి మాటా ఒకటే. తమరి మనసులో తీసేయాలని ఉందనుకున్నారు. మా అమ్మకు అభ్యంతరం లేదనుకున్నారు. మా అమ్మేమో, వీళ్ళందరికీ తీసేయాలని ఉందనుకుంది. ఎవరి కోసం ఎవరు చెయ్యెత్తారో తేలని ఆ గదిలో, తన కోసం ఎత్తినవారు తక్కువ. దీనిని మొహమాటం అంటారు. మన వాళ్ళు బియ్యం, ఆవకాయ, పసుపు, కుంకుమతో పాటు సూట్‌కేసులో పెట్టుకుని విమానమెక్కే సరుకు ఇది. ఏ కస్టమ్స్ అధికారీ పట్టుకోలేదు.

నిజాయితీగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. శకుంతల గారు కూడా ఫోన్ చేశారు, వీడియోలో. ఆవిడకు చెవుడు, ఎదుటివారి పెదవులు చూసి మాట పట్టుకుంటారు.

"నేను తీసేయమనే ఎత్తానమ్మా. దాచడం దేనికి. రెండేళ్ళ నుంచి నాకు మనుషులు అర్థం కావడం మానేశారు. అందరూ ముక్కు కింద గుడ్డముక్కలే. మా మనవరాలు మాస్కు తీసిన నా మొహం గుర్తుపట్టక ఏడ్చింది. మీ అమ్మకి అలా అవుతుందని నాకు తట్టలేదు. తట్టినా ఎత్తేదాన్నేమో, చెప్పలేను."

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ హాలులో సొంత చెయ్యి సొంత కారణంతో ఎత్తినది బహుశా ఆవిడ ఒక్కరే. మాస్కు అంటే అందరికీ విసుగే. నాకూ విసుగే. చెవుల వెనక పుళ్ళు పడ్డాయి. శకుంతల గారి బాధ, మా అమ్మ బాధ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే ఏదో ఒక దారి దొరికేది. పెదవులు కనపడే పారదర్శకపు మాస్కులు ఉంటాయి. బృందగానానికి ఒక పూట, మాట్లాడుకోవడానికి ఒక పూట పెట్టుకోవచ్చు. కానీ ఏకగ్రీవంలో మాట్లాడటానికి చోటుండదు. చేతులకే ఉంటుంది.

5. అభిప్రాయం అడిగే పద్ధతి గురించి. ఈ విషయంలో మాత్రమే నాకు తమకన్నా కొంచెం ఎక్కువ తెలుసునని సవినయంగా మనవి. మా కంపెనీలో పనికి చేరిన రోజే కొన్ని నియమాలు చెబుతారు. ఒక మనిషిని మరొక మనిషి ముందు అడగరాదు. అడిగేవాడి ఇష్టం ప్రశ్నలో కనపడరాదు. మిగతావారు ఏమన్నారో చెప్పరాదు. మొన్న సస్కాచువాన్ రాష్ట్రం నుంచి ఒక ముసలావిడ ప్రశ్న పూర్తిగా విని, "మా ఊరివాళ్ళు ఏమన్నారు అమ్మాయీ?" అని అడిగింది. చెప్పడానికి వీల్లేదన్నాను. "అయితే నేనేం చెప్పను?" అని నిజంగానే దిగులు పడింది. ఆవిడకు తెలుగు రాదు గాని, ఆవిడ మన మనిషే.

తమరు ఈ నియమాలన్నిటినీ ఒక్క వాక్యంలో ఉల్లంఘించారు. అది చెడు ఉద్దేశంతో కాదు. ఆకలితో ఉన్న జనానికి ఎదురుగా, వంకాయ వాసనలో, కీర్తి మీద ఆశతో. అయినా ఉల్లంఘనే.

6. కారు అద్దం సంఘటన గురించి. తమ సందేశంలో "ఒక యువతి, కూడలి పెద్దల పట్ల ప్రవర్తించిన తీరు" అన్నది దీని గురించే కాబట్టి, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

తీర్మానం తరువాత వచ్చిన శనివారం అమ్మ ఉదయం నుంచే ఇల్లు సర్దుతూ తిరిగింది. సర్దవలసినది ఏమీ లేదు. మధ్యాహ్నం "ఊరికే అలా కారులో తిరిగొద్దామా" అన్నది. విక్టోరియా పార్కు వైపు తిప్పాను. "ఇటు కాదు" అన్నది. చివరికి హాలు వెనక పార్కింగులో ఆపించింది. లోపల సాధన జరుగుతోంది. వాసంతి ఆంటీ తన ఫోన్‌ను శ్రుతిపెట్టె పక్కన పెట్టి అమ్మకు కలిపారు. అమ్మ కారులో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, ఒళ్ళో వేళ్ళతో తాళం వేస్తూ, "రెండో చరణం పరిగెడుతున్నారు వాసంతీ, అక్కడ ఊపిరి తీసుకోండి" అని చెబుతోంది. ఊపిరి తీసుకోండి అని. వాళ్ళకు.

అద్దాల మీద ఆవిరి పడుతోందని అమ్మ తన వైపు అద్దం దించుకుంది. అప్పుడే తమ సతీమణి పద్మిని గారు పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చారు. చేతిలో కాగితం పళ్ళెం, పళ్ళెంలో పులిహోర.

"ఏంటి సరోజా, పరాయిదానిలా కారులో కూర్చున్నావు? లోపలికి రా."

"మోకాళ్ళు వదినా. మెట్లు దిగలేకపోతున్నా."

"మోకాళ్ళెందుకులే మధ్యలో. మాస్కుల గురించేగా. నువ్వే కదా మొట్టమొదట చెయ్యెత్తావు, ఇప్పుడు అలిగితే ఎలా?"

"అలకేంటి వదినా, భలేదానివే" అని అమ్మ నవ్వింది.

పద్మిని గారు పళ్ళెం అందించడానికి కారులోకి వంగారు. తల పూర్తిగా లోపలికి వచ్చింది. ఉగాదికి ఏ రంగు చీరలు కట్టుకోవాలో చెప్పారు. చెబుతూ చెబుతూ దగ్గారు. చెయ్యి అడ్డం పెట్టుకునే వీలు లేదు, చేతిలో పళ్ళెం ఉంది. "ఏం కాదులే, అలర్జీ. మంచు కరిగే రోజుల్లో నాకు ఏటా ఇంతే" అని మళ్ళీ దగ్గారు.

నేను డ్రైవరు సీటులో ఉన్నాను. మా అమ్మ ఏం చేసిందో నాకన్నా దగ్గరగా చూసినవారు లేరు. ఆమె వెనక్కి జరిగింది. సీటు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు జరిగి, తరువాత నా వైపుకి ఒరిగి, ఆమె తల నా భుజానికి తగిలింది. మాస్కు పైన కళ్ళు మాత్రం పద్మిని గారిని చూసి నవ్వుతూనే ఉన్నాయి. అద్దం మీట ఆమె చేతికిందే ఉంది. వేలు దాని మీదే ఉంది. నొక్కలేదు. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా అద్దం ఎక్కించడం మర్యాద కాదు కదా. ఊపిరి బిగబట్టి కూర్చుంది. మెడ దగ్గర నరం నాకు కనపడుతోంది.

"ఆంటీ, కొంచెం వెనక్కి జరగండి" అన్నాను. వినపడలేదో, విననక్కరలేదనుకున్నారో. మళ్ళీ అన్నాను. "నీకంతా తొందరే" అని నవ్వారు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది, ఊరుకోమని.

నా వైపు ఉన్న మీట నేను నొక్కాను.

అద్దం నెమ్మదిగానే లేచింది. పద్మిని గారు తల తీసుకునే వ్యవధి ఉంది, తీసుకున్నారు. పళ్ళెం తీసుకునే వ్యవధి లేకపోయింది. పులిహోర కొంత మా అమ్మ ఒళ్ళో, మిగతాది పార్కింగులో ఉప్పు చల్లిన మురికి మంచు మీద పడింది. పద్మిని గారి వేలుకు గాని, గోటికి గాని ఏమీ కాలేదని వారే తరువాత చెప్పారు. కారు వెనక్కి తీస్తుంటే అమ్మ అద్దం లోపలినుంచి రెండు చేతులూ జోడించి ఆవిడకు దణ్ణం పెడుతూనే ఉంది.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "అంత అన్నం మంచులో పోశావే" అన్నది. వారం రోజులు జ్వరం చూసుకుంటూ గడిపాము. రాలేదు. అదృష్టం. అది తీర్మానం వల్ల వచ్చిన అదృష్టం మాత్రం కాదు.

7. క్షమాపణ గురించి. తమ సందేశం కింద సభ్యులు వరసగా దండాల బొమ్మలు పెట్టారు. అందులో ఒకటి మా అమ్మది. దానిని చూసిన రాత్రి నేను అన్నం తినలేదు. ఉదయం అడిగాను, "ఎందుకు పెట్టావమ్మా?" అని.

"అందరూ పెట్టారు. నేను పెట్టకపోతే కోపం వచ్చిందనుకోరూ?"

"రాలేదా?"

మాత్రల డబ్బా మూత తీసింది. ఆ తరువాత, ఎవరితోనో అన్నట్టు, "నా ఒక్కదాని కోసం అంతమంది మూతులు కట్టుకు కూర్చోమని ఏ మొహం పెట్టుకుని అడగనే. ఒకళ్ళ కిడ్నీ అడిగి తీసుకున్నాను. ఇంకా ఎంతమందిని ఎన్ని అడగను" అన్నది.

అయ్యా, ఈ మాట అర్జీలో ఏ అంకె కింద రాయాలో తెలియక దీని కింద రాశాను.

అద్దం ఎక్కించినందుకు నేను క్షమాపణ చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది, మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే మీట నొక్కుతాను. పులిహోర నేలపాలైనందుకు మాత్రం పద్మిని గారికి మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఆవిడ ప్రేమతోనే తెచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో ప్రేమ లేనివారు ఒక్కరూ లేరు. అదే నాకు భయంగా ఉంది. పగ ఉన్నవాళ్ళయితే దూరంగా నిలబడేవాళ్ళు.

కావున పై విషయములను పరిశీలించి, దిగువ కోరికలను మంజూరు చేయవలసిందిగా ప్రార్థన:

అ) మా అమ్మ ఎత్తిన చేతిని తీర్మానం లెక్కలోంచి తీసివేయాలి. ఆ చెయ్యి ఆమె అభిప్రాయం కాదు, ఆమె పెంపకం.

ఆ) తీర్మానంలో 'ఏకగ్రీవంగా' అన్న మాట కొట్టివేయాలి. నేను ఎత్తలేదు కాబట్టి అది ఎలాగూ నిజం కాదు. వెనక గోడ వరకు చూసి ఉంటే తమకే తెలిసేది.

ఇ) చీటీల మీద, పేర్లు లేకుండా, భోజనాలకు ముందు కాక తరువాత, మరల అభిప్రాయం అడగాలి. తీసేయాలనే ఎక్కువమంది రాస్తే రాయనివ్వండి. నేను నోరెత్తను. ఎంతమంది తనను వద్దనుకున్నారో కాదు, ఎంతమంది ఉండాలనుకున్నారో ఆమెకు తెలియడం నాకు కావాలి. ఈ దేశంలో ఎవరెవరి అభిప్రాయమో నెలల తరబడి అడిగాను. మా అమ్మ అభిప్రాయం ఒక్కసారి, ఎవరూ చూడని చోట, ఆమె చేత రాయించి చూడాలని ఉంది.

ఈ) అప్పటివరకు బృందగానం సాధన పూట వరకైనా పాడేవారంతా మాస్కులు పెట్టుకోవాలి. ఉగాది వేడుక వచ్చే నెలలో ఉంది. ఆమె లేకుండా బృందం పాడగలదు. బాగానే పాడుతుంది. కారులో కూర్చుని విన్నాను. అదే విని ఆమె కూడా ఇక తన అవసరం లేదనుకుంటోంది.

ఉ) ఇకమీదట ఎవరి కష్టం గురించి ఓటు పెట్టినా, ఆ కష్టం ఉన్న మనిషిని పేరు పెట్టి, నిలబెట్టి, అందరిలో అడగరాదు. దీనిని నియమావళిలో చేర్చవలెను.

ఈ అర్జీని తమరు తీరిక చేసుకుని, కోపం చల్లారాక చిత్తగించవలెను. చిత్తమునకు ఎక్కకపోయినా కనీసం చివరి వరకు చదవవలెను. నోటి మాట చెల్లదన్నారు గనుక, నోటితో చెప్పలేని మనిషి తరఫున రాసితిని.

మిగిలిన అన్ని విషయములలో తమ విధేయురాలు,
రాగిణి

తాజా కలం: అంకుల్, ఇది సంతకం పెట్టి కవరులో పెట్టబోతుండగా పద్మిని ఆంటీ ఫోన్ చేశారు. రేపు సాయంత్రం మీరిద్దరూ మా ఇంటికి వస్తున్నారట, "కాగితాలూ గీగితాలూ ఎందుకు, కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి" అని. అమ్మ వెంటనే "రండి వదినా, భోజనానికే రండి" అనేసింది. ఇప్పుడు వంటింట్లో పప్పు నానబోస్తోంది. నేను రాస్తున్నది క్షమాపణ అనుకుంటోంది. చివర్లో మీ బీపీ ఎలా ఉందో అడిగానని రాయమంది. ఎలా ఉంది?

మా అపార్ట్‌మెంట్ చిన్నది. కిటికీలు తీసి పెడతాను, స్వెట్టర్లు వేసుకుని రండి. పైన రాసినవేవీ మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. వాటి గురించి ఇంకోరోజు పోట్లాడుకుందాం. రేపటికి మాత్రం ఒక్కటి. టోనీ అంకుల్ ఇచ్చిన పెట్టె తలుపు బయట స్టూలు మీద పెడతాను. బెల్లు కొట్టేముందు ఇద్దరూ చెరొకటి పెట్టుకోండి. అమ్మ తలుపు తీసి మిమ్మల్ని అలా చూడగానే మొహం ఎర్రగా చేసుకుని, "అయ్యో అన్నయ్యగారూ, మనలో మనకి ఇవేంటండీ, తీసేయండి" అంటుంది. చాలా గట్టిగా అంటుంది. నిజంగానే అంటోందనిపిస్తుంది.

తీయకండి అంకుల్.